దూరంగా దొరికిన ఇనుము

మొదటిసారి ఇనుము దొరికిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. శనివారం పొద్దున. స్టవ్ మీద కుక్కర్ విజిల్ వేస్తోంది, వెళ్లి ఆపాల్సినదాన్ని, వెళ్లలేదు. డైనింగ్ టేబుల్ మీద మా ఆయన పాత ల్యాప్‌టాప్, దాని తెర మీద పచ్చగడ్డి, ఆ గడ్డి మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు రాళ్లు పరుచుకుని ఉన్నాయి. అంతకుముందు ఎంతసేపు తిరిగానో ఆ గడ్డిలో. చెరువు చుట్టూ నడిచాను, చెట్లలో ఇరుక్కున్నాను, బొగ్గు దొరికితే సంబరపడ్డాను, రాగిని చూసి ఇనుమే అనుకుని బోల్తాపడ్డాను. ఇది కంప్యూటర్ ఆటలో ఇనుమని, దాంతో గుండుసూది కూడా చేయించుకోలేనని నాకు తెలుసు. అయినా మళ్లీ కూర్చోలేకపోయాను.

మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి, "ఏమైంది?" అన్నారు.

"ఇనుము దొరికింది," అన్నాను.

"ఎవరికి తగ్గింది?" అన్నారు, నిజంగానే కంగారుపడుతూ. మా ఇంట్లో ఐరన్ మాట వచ్చేది బ్లడ్ టెస్ట్ చేయించుకున్నప్పుడే.

ఈ ఆట మా అమ్మాయిది. ఆటలో మనల్ని ఎవరూ లేని ఒక చోట వట్టి చేతులతో వదిలేస్తారు. రాళ్లు కొట్టి కొలిమి కట్టుకోవాలి, బొగ్గు వేసి ఇనుము కరిగించి రేకులు చెయ్యాలి, ఆ రేకులతో పళ్ల చక్రాలు, చక్రాలతో మిషన్లు, ఆ మిషన్లతో ఇంకా పెద్ద మిషన్లు చేసుకుంటూ పోవాలి. కొత్త మిషన్ ఏది కావాలన్నా ముందు ల్యాబ్ కట్టి, రీసెర్చ్ చేసి, దాన్ని అన్‌లాక్ చేసుకోవాలి. ఆ ల్యాబ్‌కి మేత రంగు నీళ్ల సీసాలు. మొదట ఎర్రవి సరిపోతాయి, తర్వాత ఎర్రవాటితో పాటు ఆకుపచ్చవి కూడా అడుగుతుంది. ఆ సీసాలూ మన ఫ్యాక్టరీలోనే, మన ఇనుము, మన రాగితోనే తయారవ్వాలి. నలభై దాటిన నాకు, వీడియో గేమ్ అంటే తుపాకులు తప్ప ఇంకేమీ ఉండదనుకున్న నాకు, ఈ గొడవంతా ఎందుకో చెప్పాలంటే కారు గురించి చెప్పాలి.

మేముండేది క్యారీ అనే ఊళ్లో. ఇక్కడ కొత్తిమీర కట్ట కావాలన్నా కారు తియ్యాల్సిందే. అందుకని మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి దాని డ్రైవర్ని నేనే. స్కూలు, స్విమ్మింగ్, రోబోటిక్స్, స్నేహితుల ఇళ్లు, అన్నిటికీ నేనే తిప్పాను. ఇంట్లో ఆ పిల్ల నోట్లోంచి "ఫైన్", "ఓకే", "లేటర్" తప్ప వేరే మాట రాలదు. కారెక్కి సీట్ బెల్ట్ పెట్టుకుందా, వేరే మనిషి. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కాబట్టో, చెయ్యడానికి ఇంకో పని లేదు కాబట్టో, గలగలా మాట్లాడేది. లంచ్‌లో ఎవరు ఎవరి పక్కన కూర్చోలేదో, టీచర్ ఎవరి మీద విసుక్కుందో, తన ఫ్యాక్టరీలో రాగి ఎందుకు తగ్గిందో, అన్నీ చెప్పేది. నేను వింటూ, ముందు రెడ్ లైట్ పడితే బాగుండునని కోరుకుంటూ నడిపేదాన్ని.

ఇప్పుడు దానికి పదహారు నిండబోతున్నాయి. డ్రైవింగ్ నేర్చుకునే పర్మిట్ వచ్చి చాలా రోజులైంది, స్ప్రింగ్‌లో రోడ్ టెస్ట్. పాసైతే తన కారులో తను వెళ్లిపోతుంది. "ఇంక నీకు డ్రైవర్ డ్యూటీ తప్పింది, హాయి," అని స్నేహితురాళ్లందరూ అభినందించారు. నాకు హాయిగా లేదు. యాక్సిడెంట్ల భయం ఎలాగూ ఉంది, అది అందరు తల్లులకీ ఉండేదే. నా అసలు భయం వేరే. కారుతో పాటు ఆ మాటలు కూడా వెళ్లిపోతాయి. అది తలుచుకుంటే నాకు నిజంగా దిగులేసేది.

అందుకే ఒకరోజు స్విమ్మింగ్ నుంచి వస్తూ అడిగాను. "నన్ను కూడా నీ గేమ్‌లో చేర్చుకోవే."

"నో, అమ్మా. ఐ మీన్, నా ఫ్యాక్టరీ చాలా డెలికేట్. నువ్వు వన్ థింగ్ టచ్ చేస్తే మొత్తం స్టాప్ అయిపోతుంది."

"ముట్టుకోను. ఊరికే చూస్తాను."

"ఊరికే చూస్తే బోర్." సీట్ బెల్ట్ సర్దుకుని, మళ్లీ అంది. "ఓకే, లిజన్. నీ ఓన్ వరల్డ్ స్టార్ట్ చెయ్యి. ట్రైన్స్ అన్‌లాక్ చెయ్యి, బై యువర్‌సెల్ఫ్. నన్ను అడగొద్దు, వీడియోలు చూడొద్దు. అప్పుడు నేనే నీ వరల్డ్‌లోకి వస్తా. డీల్?"

"రైలే ఎందుకు?"

"ట్రైన్ దాకా వచ్చినవాళ్లు క్విట్ చెయ్యరు అమ్మా. అందరూ దానికి ముందే క్విట్ చేస్తారు."

ఆ మాట నాకు పౌరుషం తెప్పించింది. రోడ్ టెస్ట్ లోపల రైలు తెస్తానని మనసులో గట్టిగా అనుకున్నాను. గడువు నేను పెట్టుకున్నదే, దానికి చెప్పలేదు. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్‌లో ఆట ఎక్కించి ఇచ్చింది. "ఫస్ట్ టైమ్ కదా, అటాక్ చేసే బగ్స్ ఆఫ్ చేశా," అంది దయగా. మీదపడే పురుగులన్నమాట. ఒళ్లు మండింది కానీ ఊరుకున్నాను. వెళ్లబోతూ ఒక సలహా కూడా పారేసింది: "ఎప్పుడూ దగ్గరున్న ఐరనే తీసుకో. లాంగ్ రూట్ ఈజ్ సో డమ్."

ఇంక నా సంగతి చెప్పాలా! మొదటి ల్యాబ్ కట్టి, చేత్తో చేసిన ఎర్ర సీసాలు కొన్ని దాంట్లో పెట్టి, పక్కన గీత నెమ్మదిగా నిండుతుంటే దాని ముందే కూర్చుని చూశాను. నిండింది. చిన్న గంట మోగింది. నాకు ఆటోమేషన్ వచ్చేసింది, ఇక మిషన్లే మిషన్లకి కావాల్సినవి చేసుకుంటాయి. నేను పనిచేసేది ఒక మందుల కంపెనీలో, కాగితాలు సరిచూసే విభాగంలో. అక్కడ ఒక చిన్న మార్పు చెయ్యాలంటే ఫారమ్ నింపి, దాని మీద సంతకాలు అయ్యేసరికి బయట చెట్లు ఆకులు రాల్చి మళ్లీ చిగురేస్తాయి. ఇక్కడ నేను అనుకుంటే అయిపోతోంది. ఒకటి అన్‌లాక్ చేస్తే దాని వెనక నాలుగు కనబడుతున్నాయి, ఆ నాలుగూ కావాలనిపిస్తోంది. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో లంచ్ తినడం మానేసి ఆడాను. ఆదివారం దోశలు వేస్తూ, పెనం కాలేలోపు వెళ్లి సరుకు మోసే బెల్టు ఒకటి వేసొచ్చాను. పప్పు మాడింది. ఎవరైనా ఏమైనా అన్నారేమో, నాకు వినబడలేదు.

అలా ఆకుపచ్చ సీసాల దాకా దూసుకొచ్చాను. ఇనుము బెల్టు మీద నడిచి వస్తోంది, రాగి ఇంకో వైపు నుంచి వస్తోంది. బెల్టు మీంచి వస్తువు అందుకుని మిషన్‌లో పెట్టే మరచేతులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. చూస్తుంటే కడుపు నిండిపోయేది. బెల్టు పొడుగునా అక్కడక్కడా ఒక పెట్టె పెట్టి, ఒక మరచేతిని దానికి కాపలా ఉంచాను. రేకులు పెట్టెలో, చక్రాలు పెట్టెలో, తీగ పెట్టెలో. ఎందుకంటే ఏం చెప్తాను? పనికొస్తాయి. ఒక పెట్టె నిండగానే పక్కన ఇంకో పెట్టె పెట్టేదాన్ని. అప్పుడప్పుడూ వాటిని తెరిచి, లోపల వరసలుగా పేర్చి ఉన్న సరుకు చూసుకుని మురిసిపోయేదాన్ని.

చివరికి రైలు రీసెర్చ్ మొదలుపెట్టిన రోజు నాకు తిండి సయించలేదు. కాస్త ఎర్ర సీసాలు, కాస్త ఆకుపచ్చవి వెళ్లాయి, గీత కొంచెం జరిగింది. తర్వాత ఆగింది. ల్యాబ్ ఖాళీగా కూర్చుంది. ఎప్పుడో ఒక సీసా వస్తోంది, మళ్లీ చాలాసేపు ఏమీ ఉండటం లేదు.

ఇనుము చాలడం లేదని తేల్చుకున్నాను. కొత్త గని వెతకడానికి బయల్దేరాను. ఉత్తరానికి వెళ్తే నీళ్లు. తూర్పున కొండరాళ్లు. మ్యాప్ మీద నల్లగా ఉన్న చోటు నేను అడుగు వేస్తుంటే వెలుగుతోంది, వెలిగిన చోటల్లా వట్టి గడ్డే. ఆ వెతుకులాటలో విసుగు రావాలి కదా, రాలేదు. తర్వాతి మలుపులో ఉంటుందేమోనన్న ఆశ లాక్కుపోయేది. దక్షిణాన, చెట్లు దాటాక, మొదటిదానికన్నా పెద్ద గని కనబడింది. చప్పట్లు కొట్టాను. బెల్టు వెయ్యడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఇనుము వచ్చింది. ల్యాబ్ దగ్గర పరిస్థితి అంతే, ఎప్పుడో ఒక సీసా.

ఈలోగా కారులో పరిస్థితి మారిపోయింది. ఇప్పుడు నడిపేది మా అమ్మాయి, పక్క సీట్లో నేను, లేని బ్రేక్ తొక్కుతూ. స్టీరింగ్ చేతికి వచ్చాక దాని మాటలు ఆగిపోయాయి. నేనేదైనా మొదలుపెడితే, "అమ్మా, ప్లీజ్, డోంట్ టాక్, హైవే మీదికి మెర్జ్ అవుతున్నా," అనేది. తప్పు దానిది కాదు, రోడ్డు మీద కళ్లుండటమే నాకూ కావాలి. కానీ లైసెన్స్ రాకముందే నా కారు మూగబోయింది. ఇంక నాకు మిగిలింది రైలే. టెస్ట్ ఆ వచ్చే గురువారం. అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేస్తుంది ఏం తప్పు చేస్తున్నానో. కానీ డీల్ డీలే, అడగనని పట్టుబట్టాను.

ఆదివారం మధ్యాహ్నం సన్నగా వాన. మా అమ్మాయి వాళ్ల నాన్నతో ఒక రౌండ్ వేసొచ్చి, కారుని డ్రైవ్‌వేలో ఆపి లోపలికి వచ్చి, "గరాజ్‌లో పార్క్ చెయ్యడం ప్రాక్టీస్ చేస్తా," అంది.

"గరాజ్‌లో ఎక్కడుంది చోటు?" అన్నాను.

ఇద్దరం వెళ్లి చూశాం. రెండు కార్లు పట్టాల్సిన గరాజ్ అది. దాంట్లో టీవీ వచ్చిన అట్టపెట్టె, మైక్రోవేవ్ అట్టపెట్టె, వాటి థర్మోకోల్, మిక్సీ అట్టపెట్టె, బుడగల కవర్ల చుట్టలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వీసా మీద ఉన్న రోజుల్లో ప్రాజెక్ట్ ఎప్పుడు అయిపోతుందో, ఏ ఊరికి సర్దుకోవాలో తెలిసేది కాదు. మాలాంటి వాళ్లెవరూ అట్టపెట్టె పారేసేవాళ్లు కాదు. ముందు ఉండే ఊరు అల్ఫారెట్టా నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు ఆ పెట్టెల్లోనే సామానంతా చెక్కుచెదరకుండా వచ్చింది. తర్వాత గ్రీన్ కార్డ్ వచ్చింది, ఈ ఇల్లు కొన్నాం, ఆ టీవీ పాడైపోయి వెళ్లిపోయింది కూడా. దాని అట్టపెట్టె మాత్రం భద్రంగా ఉంది.

"గరాజ్ కార్‌కి కదా అమ్మా," అంది మా అమ్మాయి. "కార్ బయట తడుస్తోంది. లోపల ఎంప్టీ బాక్సెస్. దిస్ మేక్స్ నో సెన్స్."

"మూవ్ అవ్వాల్సి వస్తేనో?"

"ఎక్కడికి?"

ఎక్కడికీ వెళ్లడం లేదు మేము. అది చాకు తెచ్చి అట్టపెట్టెల అంచులు కొయ్యడం మొదలుపెట్టింది. నేను వాటిని చదును చేసి రీసైక్లింగ్ డబ్బా పక్కన పేరుస్తున్నాను. టీవీ అట్టపెట్టెని మోకాలితో అదిమి మడుస్తుంటే ఒక్కసారిగా నా బెల్టులు కళ్లముందు కదిలాయి. గని దగ్గర బయల్దేరిన ఇనుము. దారిలో పెట్టె. మరచెయ్యి అందుకుని లోపల వేస్తుంది. ఇంకాస్త ముందు ఇంకో పెట్టె. అవి వదిలేసిన ముక్కాచెక్కా సీసాల మిషన్ దాకా వెళ్తుంది. పెట్టె నిండితేనైనా సరుకు ముందుకు పోయేది, నేను నిండనిచ్చానా? నిండగానే ఇంకోటి పెట్టాను. ఎంత ఇనుము తెచ్చినా ల్యాబ్‌కి చేరకుండా నేనే మింగేస్తున్నాను.

అట్టపెట్టె అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాను. "అమ్మా, ఎక్కడికి?" అని వెనక నుంచి వినబడింది. "వస్తున్నా," అన్నాను, వెళ్లలేదు.

పెట్టెలు తెరిచి చూస్తే వేలకొద్దీ రేకులు. నవ్వొచ్చింది, నా మీద నాకే. మరచేతుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పాను. ఇప్పటిదాకా బెల్టు మీంచి తీసి పెట్టెలో వేసినవి, ఇప్పుడు పెట్టెలోంచి తీసి బెల్టు మీద వెయ్యడం మొదలుపెట్టాయి. ఖాళీగా ఉండే బెల్టులు నిండిపోయాయి. చక్రాలు, తీగ, రేకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళ్తున్నాయి. సీసాల మిషన్లు అన్నీ ఒకేసారి లేచాయి. ఎర్రవీ ఆకుపచ్చవీ కలిసి ల్యాబ్ వైపు బారులు తీరాయి. ఇంకో ల్యాబ్ కట్టాను, అదీ చాలకపోతే ఇంకోటి కట్టాను. గీత పరుగెత్తింది. ఆ ఆనందం ఎలా చెప్పను! ఒక పెట్టె ఖాళీ అవుతుంటే దాన్ని పీకేస్తూ, తర్వాతి పెట్టె దగ్గరికి ఉరుకుతూ, తెర ముందు కూర్చునే ఆయాసపడ్డాను. గంట మోగింది. తెర మీద చిన్న ఇంజిన్ బొమ్మ వెలిగింది.

చేతులు తుడుచుకుంటూ గరాజ్‌లోకి వెళ్లాను. అది ఒక్కతే సగం చోటు ఖాళీ చేసింది.

"రైలు వచ్చింది," అన్నాను.

చాకు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. ఎన్నాళ్లకో అలా సూటిగా చూడటం. "షటప్. సీరియస్లీ?" అంది. అమ్మతో షటప్ అంటావా అని ఇంకో రోజైతే కోప్పడేదాన్ని.

మాట తప్పలేదు. ఆ సాయంత్రమే తన ల్యాప్‌టాప్ తెచ్చుకుని డైనింగ్ టేబుల్‌కి అవతల కూర్చుంది. నా ఫ్యాక్టరీ మధ్యలో ఇంకో చిన్న మనిషి ప్రత్యక్షమైంది. నా వంకర బెల్టుల మధ్య తిరిగి, "ఇట్స్ సో అగ్లీ, అమ్మా. ఐ లవ్ ఇట్," అంది. దక్షిణం గని దాకా పట్టాలు ఇద్దరం కలిసి వేశాం.

గురువారం రోడ్ టెస్ట్ పాసైంది. శుక్రవారం పొద్దున స్కూలుకి దాన్ని ఒక్కదాన్నే డ్రైవ్ చెయ్యనిచ్చి, నేను డ్రైవ్‌వేలో నిలబడ్డాను. ఖాళీ చేసిన గరాజ్‌లోంచి కారు వెనక్కి తీసి, వీధి చివర సిగ్నల్ వేసి మరీ తిరిగింది. చెయ్యి ఊపాను. అది చూడలేదు, రోడ్డు చూస్తోంది. లోపలికి వచ్చి ఆఫీసు కాగితాలు తెరిచాను కానీ ఒక్క అక్షరం ఎక్కలేదు. స్కూలుకి చేరాక మెసేజ్ పెట్టింది: "ఫైన్."

సాయంత్రం వచ్చి, బ్యాగ్ పడేసి, టేబుల్ దగ్గర కూర్చుంది. "ట్రైన్ ఎక్కు, అమ్మా. గని దగ్గరికి వెళ్దాం," అంది. ఇద్దరం ఎక్కాం. ఇంజిన్ కదిలింది. ఆటలో రైలెక్కితే చెయ్యడానికి ఏమీ ఉండదు, పట్టాల పక్కన చెట్లు వెనక్కి పోతుంటే తెర చూస్తూ కూర్చోవడమే. తన కళ్లు తన తెర మీద, నా కళ్లు నా తెర మీద. ఒకరి మొహం ఒకరం చూసుకోవడం లేదు.

"అమ్మా, ఇవాళ లంచ్‌లో ఏమైందో తెలుసా?" అంది.

నేను తెర మీంచి కళ్లు తిప్పకుండా విన్నాను. రైలు గని చేరేదాకా చెప్తూనే ఉంది. దిగగానే ఆ మాట మధ్యలో ఆపేసి మిషన్లు సర్దడంలో పడిపోయింది.

మర్నాడు అది స్విమ్మింగ్‌కి వెళ్లినప్పుడు నేను ఇంకో గని కోసం బయల్దేరాను. పడమటి వైపు, ఫ్యాక్టరీ పక్కనే, ఒకటి దొరికింది. మంచి గని. దాన్ని వదిలేసి, నడిచి నడిచి, ఎడారి దాటి, మ్యాప్ అంచు దగ్గర ఇంకోటి పట్టుకుని, అక్కడ స్టేషన్ గుర్తు పెట్టాను.

అది ఇంటికొచ్చి మ్యాప్ తెరిచింది. "దగ్గర్లో ఒకటి ఉందిగా అమ్మా," అంది.

"దాంట్లో సరుకు తక్కువ," అన్నాను.

మౌస్‌ని దగ్గరి గని మీద పెట్టింది. ఎంత ఇనుముందో అక్కడ అంకెల్లో కనబడుతుంది, నాకూ తెలుసు. తర్వాత దూరం గని మీద పెట్టి చూసింది. దాంట్లోనే తక్కువ. పట్టాలు తీసుకుని ఆ దూరం గని వైపే వెయ్యడం మొదలుపెట్టింది.